వ్యాన్‌ను క్యాంపర్‌గా మారిస్తే ఆర్సీ, ఇన్సూరెన్స్ చెల్లుతాయా?

ప్రశ్న: లాయర్ గారూ, మాకు ఏడు సీట్ల చిన్న వ్యాన్ ఉంది. తెల్ల నంబర్ ప్లేటు, సొంత వాడకానికే కొన్నాం. లోన్ ఇంకా తీరలేదు. వెనక సీట్లు తీసేసి మంచం, వంట గట్టు, నీళ్ల ట్యాంకు, బ్యాటరీ, ఇన్వర్టర్ పెట్టించి కుటుంబంతో ఊళ్లు తిరగాలని అనుకుంటున్నాం. లోపల నిలబడటానికి వీలుగా టాప్ కోసి ఎత్తు పెంచుతానని, ఇవన్నీ ఎవరూ అడగరని బాడీ బిల్డర్ (బండ్లకు బాడీ కట్టే ఆయన) అంటున్నాడు. ఆర్టీఓ ఆఫీసులో ఏం చేయాలి? ఉన్న ఇన్సూరెన్స్ సరిపోతుందా? మేం వాడని రోజుల్లో తెలిసినవాళ్లకు అద్దెకివ్వచ్చా?

జవాబు: పని మొదలుపెట్టకముందే అడిగారు, మంచి పని చేశారు. ఇలాంటి కేసుల్లో చాలామంది క్లెయిమ్ తిరస్కరిస్తూ కంపెనీ రాసిన లేఖ చేతికొచ్చాకే లాయర్ దగ్గరికి వస్తారు. అప్పటికి చేయగలిగింది చాలా తక్కువ ఉంటుంది. నా సలహా ముందే చెబుతాను. టాప్ జోలికి వెళ్లకండి. సీట్లు తీసి పడేయకండి. విప్పి బయట పెట్టగలిగే సామానుతోనే మీ కోరిక తీర్చుకోండి. నిలబడి తిరిగే అసలు క్యాంపరే కావాలంటే దానికి వేరే దారి ఉంది, అది కూడా చెబుతాను.

మోటారు వాహనాల చట్టం, 1988లోని సెక్షన్ 52 ఈ వ్యవహారానికి మూలం. తయారీ కంపెనీ మొదట ఇచ్చిన వివరాలకూ ఆర్సీలో ఉన్న వివరాలకూ తేడా వచ్చేలా యజమాని బండిని మార్చకూడదని అది చెబుతుంది. సీట్ల సంఖ్య, బాడీ రకం, ఖాళీ బండి బరువు అన్నీ ఆర్సీలో నమోదయ్యే వివరాలే. టాప్ కోసి ఎత్తు పెంచితే బాడీ మారుతుంది, బరువు మారుతుంది, మలుపుల్లో బండి నిలకడ కూడా మారుతుంది. ఇది నిషేధం కిందికి వస్తుందా రాదా అని వాదించడానికి నాకు చోటు కనిపించడం లేదు.

రాష్ట్ర నిబంధనల్లో వెసులుబాటు ఉందని, ఫీజు కడితే ఆర్టీఓ నమోదు చేస్తారని కొందరు చెబుతుంటారు. కేరళ నుంచి వెళ్లిన ఒక కేసులో సుప్రీంకోర్టు 2019 జనవరి 9న ఈ విషయం తేల్చేసింది. కంపెనీ ఇచ్చిన అసలు వివరాలకు విరుద్ధంగా బండిని మార్చడానికి వీల్లేదని, రాష్ట్ర నిబంధనలను సెక్షన్ 52కు లోబడే చదువుకోవాలని చెప్పింది. కాబట్టి ‘మా ఆఫీసులో చేయించేస్తాం’ అని ఏజెంటు హామీ ఇచ్చినా దానికి చట్టంలో బలం లేదు.

సీఎన్‌జీ కిట్ పెట్టించుకుంటే ఆర్సీలో ఎక్కిస్తున్నారు కదా, దీనికెందుకు ఒప్పుకోరు అని మీరు అడగవచ్చు. ఇంధనం మార్పిడికి సెక్షన్ 52లోనే ప్రత్యేకంగా మినహాయింపు ఇచ్చారు. అందుకు ఆమోదం పొందిన కిట్లున్నాయి, వాటిని బిగించడానికి అనుమతి ఉన్నవాళ్లున్నారు. వికలాంగుల కోసం బండిని అనువుగా మార్చుకోవడానికి కూడా చట్టంలో చోటు ఉంది. సొంత వ్యాన్‌ను షెడ్డులో క్యాంపర్‌గా మార్చుకోవడానికి అలాంటి మినహాయింపు లేదు.

అదే సెక్షన్‌లో మార్పు చేసిన 14 రోజుల్లోపు రిజిస్టరింగ్ అథారిటీకి, అంటే ఆర్టీఓకు తెలియజేసి, ఆర్సీ ఇచ్చి నమోదు చేయించుకోవాలన్న మాట కూడా ఉంది. దీన్ని పట్టుకుని ముందు మార్చేసి తర్వాత చెప్పొచ్చని కొందరు అనుకుంటారు. కానీ నిషేధంలో ఉన్న మార్పు రిపోర్టు చేసినంత మాత్రాన సక్రమం కాదు. 2019 సవరణతో వచ్చిన సెక్షన్ 182ఏ ప్రకారం చట్టం ఒప్పుకోని ఒక్కో మార్పుకు రూ. 5,000 జరిమానా గానీ, ఆరు నెలల వరకు జైలు గానీ, రెండూ గానీ పడవచ్చు. ఒక్కో మార్పుకు అన్న మాట గమనించండి. టాప్‌కు ఒకటి, సీట్లకు ఒకటి అని విడివిడిగా లెక్క కట్టే వీలుంది.

సీట్ల సంగతి కొంచెం సున్నితమైనది. బండి నిర్మాణంలో మార్పు వచ్చి, దానివల్ల దాని ప్రాథమిక లక్షణం మారితేనే చట్టం దృష్టిలో అది మార్పు. నట్లు విప్పి సీటు పక్కన పెట్టి, ఊరెళ్లొచ్చాక మళ్లీ బిగిస్తే నిర్మాణం మారలేదని కోర్టులో వాదించవచ్చు. అవసరమైతే నేనూ ఆ వాదన చేస్తాను. కానీ ప్రమాదం జరిగాక నష్టం లెక్కకట్టడానికి బీమా కంపెనీ తరఫున వచ్చే సర్వేయర్ ముందు మీరు ఆ వాదన మీద ఆధారపడటం నాకు ఇష్టం లేదు. ఆర్సీలో ఏడు సీట్లని ఉంటే, బండిలో మూడే కనిపిస్తే, ఫొటోతో సహా ఆయన రిపోర్టులోకి ఎక్కుతుంది. సీట్లు ఉండగానే వాటి మీద పరిచే చెక్క మంచం, డిక్కీ వైపు నుంచి బయటికి లాగే వంట పెట్టె, విడిగా ఎత్తుకెళ్లగలిగే బ్యాటరీ చాలు. బాడీకి వెల్డింగు వద్దు, కొత్త రంధ్రాలు వద్దు. కదిలేటప్పుడు జారకుండా బలమైన బెల్టులతో కట్టండి. సడన్ బ్రేకు కొడితే నిండు నీళ్ల ట్యాంకు ముందు కూర్చున్నవాళ్ల వీపు మీదికి వస్తుంది. మంచం మీద పిల్లల్ని పడుకోబెట్టి బండి నడపకండి. ఆగిన చోట పడుకోవడానికే ఆ మంచం.

ఇప్పుడు రెండో దారి. మన చట్టంలో క్యాంపర్ వ్యాన్ అనే తరగతి లేకపోలేదు. 2004 నవంబర్ 5 నాటి కేంద్ర నోటిఫికేషన్ వాహనాల రకాలను విభజిస్తూ క్యాంపర్ వ్యాన్‌ను రవాణా వాహనాల జాబితాలో పెట్టింది. సొంత వాడకానికి ఉంచుకున్న క్యాంపర్ వ్యాన్‌ను మాత్రం రవాణేతర వాహనాల్లో చేర్చింది. అయితే ఆ తరగతిలో రిజిస్టర్ కావాలంటే బండి మొదటి నుంచీ అలా తయారై ఉండాలి. ఇలాంటి బండ్లకు ఏఐఎస్ 124 అనే ప్రమాణం ఉంది. పుణెలోని ఏఆర్ఏఐ, మనేసర్‌లోని ఐక్యాట్ వంటి పరీక్షా సంస్థలు నమూనా బండిని పరీక్షించి టైప్ అప్రూవల్, అంటే ఆ మోడల్‌కు ఆమోదం ఇస్తాయి. ఆ ఆమోదం ఉన్న బిల్డర్ దగ్గర బాడీ కట్టించుకుంటే, బండి నిబంధనల ప్రకారం తయారైందని చెప్పే ఫారం 22-ఏ వస్తుంది. దాని మొదటి భాగం ఛాసిస్ (బాడీ లేని బండి చట్రం) తయారీదారు, రెండో భాగం బాడీ కట్టినవాళ్లు ఇస్తారు. దాంతో మొదటి రిజిస్ట్రేషన్‌లోనే సొంత వాడకపు క్యాంపర్ వ్యాన్ అని ఎక్కుతుంది. పన్ను ఏ లెక్కన పడుతుందో మీ రాష్ట్ర పట్టిక చూసి, ఆర్టీఓ ఆఫీసులో అడిగి తెలుసుకున్నాకే అడ్వాన్సు కట్టండి.

బిల్డర్ దగ్గర ఒక్కటే అడగండి: ‘మా మోడల్ పేరున్న టైప్ అప్రూవల్ సర్టిఫికెట్ కాపీ ఇవ్వండి’ అని. అది చూపించలేని బిల్డర్ ఎంత చక్కగా చేసినా మీ ఆర్సీకి పనికిరాదు. మీ బాడీ బిల్డర్‌నూ ఇదే అడగండి. ఎవరూ అడగరని ఆయన అన్నది రోడ్డు మీద నిజం కావచ్చు. ప్రమాదం జరిగాక సర్వేయరు, బ్రేక్ ఇన్‌స్పెక్టరు, కోర్టు అందరూ అడుగుతారు. అప్పుడు జవాబు చెప్పాల్సింది మీరు, ఆయన కాదు.

ఇన్సూరెన్స్‌లో థర్డ్ పార్టీ, సొంత డ్యామేజీ అని రెండు భాగాలున్నాయి. వాటిని విడదీసి చూడాలి. థర్డ్ పార్టీ బీమా సెక్షన్ 146 ప్రకారం తప్పనిసరి. మీ బండి తగిలి ఎవరికైనా గాయమైతే పరిహారం ఎగ్గొట్టడానికి కంపెనీకి సెక్షన్ 150లో ఉన్న కొద్దిపాటి కారణాలు తప్ప వేరేవి పనికిరావు. పాలసీ షరతు మీరినట్టు తేలినా, చాలా కేసుల్లో ముందు బాధితుడికి చెల్లించి తర్వాత యజమాని నుంచి వసూలు చేసుకోమని కోర్టులు ఆదేశిస్తాయి. బాధితుడికి అది మేలే. కానీ మరణమో, శాశ్వత వైకల్యమో జరిగిన కేసులో లక్షల రూపాయల పరిహారాన్ని కంపెనీ మీ దగ్గర రాబడుతుందంటే ఇల్లు అమ్ముకునే పరిస్థితి రావచ్చు. ఈ సంగతి చెప్పేటప్పుడు నాకు ఎప్పుడూ బాధగానే ఉంటుంది, ఎందుకంటే ఒక్క కాగితం ముందే సరిచూసుకుంటే తప్పిపోయే కష్టమిది.

సొంత డ్యామేజీ పూర్తిగా మీకూ కంపెనీకీ మధ్య ఒప్పందం. బండి గురించిన ముఖ్యమైన విషయం ఏదీ దాచకూడదన్నది బీమా ఒప్పందానికి పునాది. బ్యాటరీ, ఇన్వర్టర్ లాంటివి బండికి బిగిస్తే కంపెనీకి ముందే ఈమెయిల్ రాయండి. ఫొటోలు, బిల్లులు జతచేయండి. అదనపు విద్యుత్, ఎలక్ట్రానిక్ పరికరాలకు మోటార్ టారిఫ్‌లో (బండ్ల బీమా రేట్ల పట్టికలో) 24వ నంబరు ఎండార్స్‌మెంట్, అంటే పాలసీకి జతచేసే అదనపు షరతు ఉంది. టారిఫ్ ప్రకారం వాటి విలువ మీద 4 శాతం అదనపు ప్రీమియం, అంటే రూ. 50,000 సామానుకు రూ. 2,000. ఇప్పుడు కంపెనీలు సొంత రేట్లు వేసుకుంటున్నాయి కాబట్టి కొంచెం అటూఇటూ ఉండవచ్చు. ఎండార్స్‌మెంట్ కాగితం చేతికొస్తేనే కవర్ ఉన్నట్టు. ‘పర్లేదు సార్, చూసుకుంటాం’ అని ఏజెంటు వాట్సాప్‌లో పెట్టిన మెసేజ్ ఎండార్స్‌మెంట్ కాదు. ఈ ఎండార్స్‌మెంట్ ఉందని చట్టం ఒప్పుకోని మార్పు సక్రమమూ అయిపోదు. టాప్ కోసిన బండికి కంపెనీ ప్రీమియం తీసుకున్నా సెక్షన్ 52 అలాగే ఉంటుంది.

వంట గురించి ఒక మాట. ఇంటి గ్యాస్ సిలిండర్‌ను వ్యాన్‌లో పెట్టి వండాలని అనుకుంటుంటే మానేయండి. అది మీ ఇంటి అడ్రసు మీద ఇచ్చిన సిలిండర్. మూసి ఉన్న బండిలో గ్యాస్ లీకైతే, అది గాలి కంటే బరువు కాబట్టి కింద పేరుకుని, చిన్న నిప్పురవ్వకే అంటుకుంటుంది. అగ్నిప్రమాదం క్లెయిమ్‌లో కంపెనీ మొదట వెతికేదీ ఇదే.

అద్దె విషయంలో మీకు నచ్చే జవాబు ఇవ్వలేను. తెల్ల ప్లేటు బండిని డబ్బు తీసుకుని ఇస్తే అది సొంత వాడకం కాదు. రవాణా వాహనానికి సెక్షన్ 66 కింద పర్మిట్ ఉండాలి, ఫిట్‌నెస్ సర్టిఫికెట్ ఉండాలి. ప్రైవేటు పాలసీ అయితే అద్దెకు వాడటాన్ని నేరుగా మినహాయిస్తుంది. అద్దెకిచ్చిన బండ్లకు జరిగిన నష్టం మీద 2008, 2010 కేసుల్లో సుప్రీంకోర్టు నాన్‌స్టాండర్డ్ పద్ధతిలో, అంటే షరతు మీరినా క్లెయిమ్‌లో కొంత కోసి మిగతాది ఇచ్చే పద్ధతిలో, 75 శాతం ఇప్పించిన మాట నిజమే. అది కోర్టులు ఎక్కి దిగాక, ఆ కేసుల పరిస్థితులను బట్టి దొరికింది. దాన్ని నమ్ముకుని వ్యాపారం పెట్టుకోకండి. డబ్బు తీసుకోకుండా స్నేహితుడికి ఇస్తే అద్దె కాదు. అప్పుడు కూడా ఆయన లైసెన్సు మీరే చూసి ఇవ్వండి.

లోన్ సంగతి మరిచిపోవద్దు. ఆర్సీలో హైపోథికేషన్ (బండి అప్పుకు తాకట్టులో ఉందన్న నమోదు) ఉన్నంతకాలం ఫైనాన్స్ కంపెనీ రాతపూర్వక అనుమతి లేకుండా బండిలో ఏ మార్పూ చేయకండి. మీ లోన్ అగ్రిమెంటులోనే ఆ షరతు ఉండి ఉంటుంది, ఒకసారి తీసి చదవండి.

ఇతర రాష్ట్రాల్లో తిరగడానికి భయం అక్కర్లేదు. ఒక రాష్ట్రంలో రిజిస్టరైన బండి వేరే రాష్ట్రంలో 12 నెలలకు మించి ఉంటేనే సెక్షన్ 47 ప్రకారం అక్కడి నంబరు కావాలి. మీ ఎల్ఎంవీ (తేలికపాటి వాహనాల) లైసెన్సు కూడా సరిపోతుంది. 7,500 కిలోల లోపు రవాణా వాహనాన్ని కూడా ఆ లైసెన్సుతో నడపవచ్చని సుప్రీంకోర్టు రాజ్యాంగ ధర్మాసనం 2024 నవంబర్ 6న తీర్పు చెప్పింది.

ఒకవేళ ఎప్పుడైనా క్లెయిమ్ తిరస్కరిస్తే, ముందు కారణం రాతపూర్వకంగా తీసుకోండి. కంపెనీ ఫిర్యాదుల విభాగానికి రాయండి. నెలలో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు నచ్చకపోయినా, బీమా ఫిర్యాదులు విని తేల్చే ఇన్సూరెన్స్ అంబుడ్స్‌మన్‌ దగ్గరికి వెళ్లవచ్చు. అక్కడ ఫీజు లేదు, లాయరూ అక్కర్లేదు, తిరస్కరించిన ఏడాదిలోపు వెళ్లాలి. వినియోగదారుల కమిషన్‌కైతే రెండేళ్ల గడువు ఉంది. ఆర్సీ, పాలసీ, ఎండార్స్‌మెంట్, కంపెనీకి రాసిన ఈమెయిల్, పని చేయించకముందూ తర్వాతా తీసిన ఫొటోలు ఇప్పటి నుంచే ఒక ఫైల్లో పెట్టుకోండి. ఆ ఫైలు లేకుండా వస్తే నేను కూడా వాటినే అడుగుతాను.