స్కార్-ఎల్, స్కార్-హెచ్ ఒకటేనా, వేరేనా?

రెండూ ఒక్క ఫ్యామిలీయే. బెల్జియంల ఉన్న ఎఫ్‌ఎన్ హెర్‌స్టాల్ కంపెనీ అమెరికా స్పెషల్ ఫోర్సెస్ కోసమని చేసిన రైఫిల్, 2004ల సెలెక్ట్ అయింది. మా మిర్యాలగూడ పోరగాళ్లు పబ్జీల పట్టుకొని ఉరికేది ఎల్, అంటే లైట్, 5.56 మి.మీ. తూటా, మ్యాగజైన్‌ల 30 పడ్తయ్. హెచ్ హెవీ, 7.62 మి.మీ. తూటా, 20 పడ్తయ్.

అసలు సంగతి బ్యారెల్, అంటే తూటా బయటికొచ్చే గొట్టం, మార్చుకోవచ్చు, ఇరుకు జాగలకు పొట్టిది, దూరంకెళ్లి కొట్టనీకి పొడుగుది, మిగతా గన్ అంతా అదే ఉంటది, వెనక భుజానికి ఆనించే స్టాక్ గూడ పక్కకు మడుస్తది. ఒక్కటే తలనొప్పి, పాత మోడళ్లల చార్జింగ్ హ్యాండిల్, అంటే తూటా ఎక్కించనీకి గుంజే పిడి, కాల్చినప్పుడల్లా ముందుకెనక్కి కొట్టుకుంటది, బొటనవేలు అడ్డం పెట్టినవనుకో, అయిపాయె!

నన్నడిగితే హెచ్చే అసలు సరుకు, 2010ల అమెరికా స్పెషల్ ఫోర్సెస్ వాళ్లు గూడ ఎల్ కొనుడు ఆపేసి హెచ్ ఉంచుకున్నరు.