జన్యువు నశించిందా, మూగబోయిందా?

సందేహం: రొమ్ము క్యాన్సర్ మీద ఒక అనువాద వ్యాసంలో "మిథైలీకరణ వల్లే ఈస్ట్రోజన్ గ్రాహక జన్యువు నశిస్తుంది" అని ఉంది. ఇంకోచోట దాన్నే "జన్యు నిశ్శబ్దకరణ" అన్నారు. ఏది సరి? "మౌనం" అంటే చాలదా?

సమాధానం: ముందుగా "నశిస్తుంది" కొట్టేయండి. ఆరో క్రోమోజోము మీది ఆ జన్యువులో ఒక్క అక్షరం కూడా చెరగదు. జన్యువు మొదలయ్యే చోట గుంపుగా ఉండే సైటోసిన్లకు (డీఎన్ఏ అక్షరాల్లో ఒక రకానికి) మిథైల్ అనే చిన్న రసాయన భాగం అంటుకుంటుంది, ఇదే మిథైలీకరణ. దాంతో కణం ఆ జన్యువును చదవడం మానేస్తుంది. ఈస్ట్రోజన్ హార్మోనును పట్టుకునే గ్రాహకం తయారు కాదు, ఆ గ్రాహకం మీదే పనిచేసే టామాక్సిఫెన్ లాంటి క్యాన్సర్ మందుకు పట్టు దొరకదు.

ఇక "నిశ్శబ్దకరణ". ఇందులో పోయిన దీర్ఘం చిన్నది కాదు. "కృభ్వస్తియోగే సంపద్యకర్తరి చ్విః" అన్నాడు పాణిని. దానికి, పాణిని సూత్రాలకు సవరణలు చెప్పిన వార్తికకారుడు "అభూతతద్భావే" అని చేర్చాడు. అంతకుముందు అలా లేనిది అలా అయితేనే చ్వి అనే ప్రత్యయం వస్తుంది. తెల్లగా లేనిదాన్ని తెల్లగా చేస్తే శుక్లీకరణ, తనది కానిదాన్ని తనది చేసుకుంటే స్వీకరణ. పుట్టుకతోనే తెల్లనైనదానికి శుక్లీకరణ లేదు. మరో విశేషం, ఈ ప్రత్యయంలో చ, వ, ఇ మూడూ లోపిస్తాయి. అది వచ్చి వెళ్లిందనడానికి ముందున్న అకారం ఈకారం కావడమొక్కటే గుర్తు. నిన్నటిదాకా పలికిన జన్యువు ఇవాళ పలకడం లేదన్న చరిత్రనంతా మోస్తున్నది ఆ "దీ" ఒక్కటే. దాన్ని "ద" చేస్తే అసలు సంగతే పోతుంది. కాబట్టి నిశ్శబ్దీకరణే సరైన రూపం. "నిశ్శబ్దీకృతం చేయబడింది" అని మాత్రం రాయకండి. కృతం అన్నాక మళ్లీ చేయడమెందుకు?

మౌనం ముని భావం, ఇష్టపడి పూనేది. ఇక్కడికి పనికిరాదు.

వాక్యంలో నాకు నచ్చేది "మూగబోయింది". 1990ల్లో ప్రయోగశాలలో, గ్రాహకం లేని రొమ్ము క్యాన్సర్ కణాలకు మిథైలీకరణను అడ్డుకునే మందు ఇస్తే ఆ జన్యువు మళ్లీ పలికింది. మూగబోయిన గొంతు తిరిగి పలకవచ్చు, నశించింది పలకదు. అయితే "మూగబోయింది" అంటే తనంతట తానే అయినట్టుంటుంది, మిథైల్ చేసిన పని కనబడదు. అందుకని పరిభాషగా దాన్నే స్థిరపరచమనడానికి వెనకాడుతున్నాను.



చివరిగా "వల్లే"లోని ఏకారం. "అదొక్కటే" అని నొక్కిచెప్పే అవధారణార్థకాన్ని ఇంత తేలిగ్గా వాడేస్తున్నారేమిటి? గ్రాహకం లేని కంతులన్నిటికీ మిథైలీకరణ ఒక్కటే కారణం కాదు, కొన్నిటిలో అదొక కారణం. ఇలాంటి వ్యాసాన్ని రోగి ఇంటివాళ్లు అక్షరం అక్షరం చదువుకుంటారు. "కొన్ని కంతుల్లో మిథైలీకరణ వల్ల" అని రాయాల్సింది.