పెరటి కోళ్లు: తల్లి వద్దన్న పిల్లను బతికించడం ఎలా?

ప్రశ్న: మా నాటుకోడి పెట్ట కింద 11 గుడ్లు పెట్టాం. 8 పిల్లలు కాగానే వాటిని వెంటేసుకుని గూడు దిగిపోయింది. మర్నాడు మిగిలిన గుడ్లలోంచి ఇంకో పిల్ల బయటికొచ్చింది. దాన్ని తల్లి దగ్గర వదిలితే తలమీద పొడుస్తోంది. చేత్తో ముట్టుకున్నాం కాబట్టి వాసన మారి వద్దంటోందని మా అత్తగారు అంటున్నారు. నిజమేనా? ఇప్పుడేం చేయాలి?
– ఒక పాఠకురాలు, జనగామ జిల్లా

జవాబు: చేత్తో ముట్టుకోవడానికీ దీనికీ సంబంధం లేదండీ. పెట్ట పిల్లల్ని ముఖ్యంగా అరుపును బట్టి, రూపాన్ని బట్టి గుర్తుపడుతుంది. పిల్లలు లేచిన రెండు మూడు రోజుల్లోనే తన గుంపేదో దానికి తెలిసిపోతుంది. ఆ తర్వాత ఎదురుపడిన పిల్ల తను పొదిగిన గుడ్డులోంచి వచ్చిందే అయినా పరాయిదే. గుంపంతా నల్లగా ఉండి ఇదొక్కటే తెల్లగా ఉంటే పోట్లు ఇంకా ఎక్కువ.

ముందు వెచ్చదనం, తర్వాతే మేత. ఈ వరస తప్పడం వల్లే చాలా పిల్లలు పోతాయి. కడుపులో మిగిలిన పచ్చసొన పిల్లకు రెండు రోజులు సరిపోతుంది, కాబట్టి ఆకలికి వెంటనే చావదు. చలికి మాత్రం గంటల్లో చల్లబడిపోతుంది. చల్లబడ్డ పిల్లకు నూకలు కుక్కితే అరగవు, నోట్లో నీళ్లు పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతాయి. కాళ్లు ముట్టుకుని చూడండి. చల్లగా ఉంటే బల్బు కింద పెట్టి, వెచ్చబడి గట్టిగా అరిచేదాకా ఏమీ పెట్టకండి.

రెండడుగుల పొడవున్న అట్టపెట్టె చాలు. ఒక మూలన 60 వాట్ల పాత రకం ఫిలమెంటు బల్బును అడుగు ఎత్తులో కట్టండి. ఎల్‌ఈడీ బల్బు వెలుగిస్తుంది గానీ వేడినివ్వదు. ఈ పొరపాటు ఇప్పుడు బాగా ఎక్కువైంది. బల్బును దాని వైరు మీదే వేలాడదీయకుండా విడిగా ఇనుప తీగతో బిగించండి. అట్టకు గానీ గుడ్డకు గానీ తగిలితే అంటుకుంటుంది. పిల్ల వీపు ఎత్తులో మొదటి వారం 35 డిగ్రీల సెల్సియస్ ఉండాలి. తర్వాత వారానికి 3 డిగ్రీల చొప్పున తగ్గించండి. థర్మామీటరు లేకపోతే పిల్లే చెబుతుంది: బల్బు కిందే ముడుచుకుని ఆగకుండా అరుస్తుంటే చలి, దూరంగా పోయి రెక్కలు వాల్చి నోరు తెరిచి రొప్పుతుంటే వేడెక్కువ. పెట్టె రెండో మూలను అందుకే చల్లగా ఉంచాలి. ఎండాకాలం మధ్యాహ్నాల్లో బల్బే అక్కర్లేదు, తెల్లవారుజామున మాత్రం కావాలి. కరెంటు పోతే వేడినీళ్ల సీసాకు గుడ్డ చుట్టి పక్కన పెట్టండి.

అడుగున రెండంగుళాల మందాన వరి ఊక పోసి, మొదటి రెండు రోజులు దానిపైన గోనెపట్టా పరవండి. లేకపోతే ఊకనే మేత అనుకుని తింటుంది. ఉత్త న్యూస్‌పేపరు వద్దు. దానిమీద కాళ్లు జారి చెరో పక్కకీ విడిపోతే పిల్ల మళ్లీ నిలబడలేదు.

వెచ్చబడ్డాక గ్లాసు గోరువెచ్చని నీళ్లలో చెంచా బెల్లం కలిపి, ముక్కు కొన మాత్రం ముంచండి. ఒకసారి రుచి తగిలితే తనే తాగుతుంది. బెల్లం నీళ్లు మొదటి పూటకే, తర్వాత మంచినీళ్లు. మూత లాంటి లోతులేని గిన్నెలో గులకరాళ్లు వేసి పోయండి, లేకపోతే పడి తడిసిపోతుంది. మేతకు చిక్ స్టార్టర్ (చిన్న పిల్లల కోసం తయారుచేసి అమ్మే దాణా) అన్నిటికన్నా మంచిది. అందులో మాంసకృత్తులు 20 శాతం దాకా ఉంటాయి. అది దొరికేదాకా ఉడికించిన గుడ్డు పచ్చసొన పొడిచేసి, సన్న నూకల్లో కలిపి పెట్టవచ్చు. ఉత్త నూకల మీదే పెంచితే ఈకలు సరిగా రావు. గోనె మీద మేత చల్లి వేలితో టకటకా కొట్టండి. తల్లి ముక్కుతో చూపించేది అదే. వెనక రెట్ట అంటుకుని గట్టిపడితే గోరువెచ్చని నీళ్లతో నానబెట్టి తుడవండి, పీకితే చర్మం ఊడొస్తుంది.

తల్లితో కలిపే ప్రయత్నం ఇవాళ రాత్రే ఒకసారి చేయండి. చీకటి పడ్డాక, పెట్ట కునుకులో ఉండగా, వెనకవైపు నుంచి రెక్క కిందికి తోయండి. తెల్లవారకముందే లేచి దగ్గరుండి చూడండి. తలమీద పొడిస్తే వెంటనే తీసేయండి, రెండోసారి ప్రయత్నించకండి. వేరే పెట్ట ఇదే వారంలో పిల్లల్ని చేసి ఉంటే దానికిందా ఇలాగే పెట్టవచ్చు. ఒంటరి పిల్ల అదేపనిగా అరిచి నీరసపడుతుంది, కాబట్టి ఇంట్లోనే పెంచాల్సి వస్తే అదే వయసు పిల్లనొకదాన్ని తోడు తెచ్చుకోండి.

ఇక ముందు గుడ్లన్నీ ఒకేరోజు పెట్టి పెన్సిల్‌తో గుర్తు వేయండి. గుర్తు లేని గుడ్డు కనిపిస్తే మరో పెట్ట వచ్చి పెట్టినట్టే, తీసేయండి. ఆలస్యంగా లేచే పిల్ల చాలాసార్లు ఆలస్యంగా చేరిన గుడ్డుదే.

ప్రశ్న: పిల్లలకు ఐదు వారాలు. తల్లి ఉన్నట్టుండి తరిమి కొడుతోంది, రాత్రి చెట్టెక్కి పడుకుంటోంది. జబ్బేమైనా చేసిందా?
– ఒక రైతు, ప్రకాశం జిల్లా

జవాబు: జబ్బు కాదు, మళ్లీ గుడ్లకు వస్తోంది. తలమీది జుట్టు (తురాయి) ఎర్రబడిందేమో చూడండి. నాటు పెట్టలు కొన్ని రెండు మూడు నెలలు కూడా పిల్లల్ని తిప్పుతాయి. మేత బాగా దొరికేవి ఐదారు వారాలకే వదిలేస్తాయి. బలవంతాన కలిపి గంప కింద మూస్తే పిల్లలకు దెబ్బలే మిగులుతాయి.

వీపు మీద ఈకలు నిండిన పిల్లలకు బల్బు అక్కర్లేదు. చలికాలం రాత్రుళ్లు గంప మీద గోనె కప్పితే చాలు. అడుగున మాత్రం పొడిగా ఉండాలి. ఈ వయసులో తడి ఊక వల్ల కాక్సిడియోసిస్ (రక్తపు రెట్ట వేసే పేగు జబ్బు) వస్తుంది. రెట్టలో రక్తం కనిపిస్తే ఆ రోజే పశువైద్యుణ్ణి అడగండి.

పెట్ట గుడ్లకొచ్చిందని లేయర్ మేత (గుడ్లు పెట్టే కోళ్ల దాణా) తెచ్చి అందరికీ ఒకే తొట్టిలో పోయకండి. అందులోని సున్నం పిల్లల మూత్రపిండాలను చెడగొడుతుంది. అందరికీ స్టార్టరే పెట్టి, పెట్టకు నత్తగుల్లల పొడి విడిగా ఉంచండి. పెద్ద కోళ్లు మేత దక్కనివ్వకపోతే, పిల్లలు మాత్రమే దూరేలా సందులు వదిలి వెదురు దడి కట్టి, మేత దానిలోపల పెట్టండి.

ప్రశ్న: ఇంట్లో పెంచే ఒకటి రెండు పిల్లలకూ టీకాలు కావాలా?
– ఒక పాఠకుడు, ఖమ్మం

జవాబు: కావాలండీ. కొక్కెర తెగులు (రాణిఖేత్ అనే వైరస్ జబ్బు) గాలిలోనూ మన చెప్పులతోనూ వస్తుంది. 7వ రోజు కంట్లో లసోటా (కొక్కెర తెగులు టీకా) చుక్క, 14వ రోజు గంబోరో అనే మరో వైరస్ జబ్బుకు టీకా, 28వ రోజు మళ్లీ లసోటా, ఆరేడు వారాలకు కోళ్ల మశూచి టీకా, 8వ వారం కొక్కెర తెగులుకే ఆర్2బి అనే టీకా సూది. చిక్కల్లా ఒక సీసాలో వంద డోసుల దాకా ఉండటమే. కలిపాక ఐసు మీద పెట్టినా రెండు గంటల్లోపే వాడేయాలి. అందుకని ఇరుగుపొరుగు కోళ్లన్నిటికీ ఒకేరోజు పెట్టుకుని ఖర్చు పంచుకోండి. తల వాల్చేసి మేత మానిన పిల్లకు మాత్రం ఆ రోజు వేయించకండి.