చార నూగుదా, పెంకుదా?

ప్రశ్న: పూల మీద వాలే చిన్న నల్లటి తేనెటీగలను నెల రోజులుగా గమనిస్తున్నాను. ఆరేడు మిల్లీమీటర్లకు మించవు, గుంపుగా తిరగవు. కొన్నింటి పొట్ట మీద తెల్లటి చారలున్నాయి, కొన్నింటి ముఖం మీద పసుపు మచ్చలున్నాయి, మొన్న చూసినదానికి ఏ గుర్తూ లేదు. ఇవన్నీ ఒకే జాతివా? – ఒక పాఠకురాలు

జవాబు: ఒకే జాతివి కాకపోవచ్చునండీ. అయితే చార లేనంత మాత్రాన అది వేరే జాతిదని కూడా అనుకోకండి. ఏ గుర్తు కనబడినా, అది నూగుతో ఏర్పడిందా, పైపెంకు రంగేనా అన్నది ముందు తేల్చుకోవాలి. ఎందుకంటే పెంకు రంగు తుడిస్తే పోయేది కాదు గానీ, నూగు మాత్రం ఎండకు వెలిసి, పూలలో దూరి దూరి రాలిపోతుంది. భూతద్దంతో చూస్తే, ముసలి ఈగకు చార నడుమ అరిగిపోయి, రెండు పక్కలా చిన్న కుచ్చులు మాత్రమే మిగిలి ఉండడం తెలుస్తుంది.

తెల్లటి నూగు చార పొట్టలోని ఒక్కో ఖండానికి వెనుక అంచున ఉంటే హాలిక్టస్ ప్రజాతి (అంటే దగ్గరి జాతుల గుంపు) అనీ, ముందు భాగంలో, అంటే ఖండం మొదలయ్యే చోట ఉంటే లేసియోగ్లాసమ్ అనీ మొదటి అంచనా వేయవచ్చు. ఈ రెండో రకం పొట్టను ముడుచుకున్నప్పుడు, చార ముందున్న ఖండం కిందికి పోయి దాదాపు కనబడకుండా పోతుంది. మీరు మొన్న చూసింది ఇదే కావచ్చు. నోమియా జాతుల్లో చాలావాటికి చారలు పెంకులోనివే, ముత్యంలా మెరుస్తాయి.

పసుపు ముఖం సంగతి వేరు. ఒంటి మీద నూగు దాదాపు లేకుండా, కళ్ల పక్కన చెరో మచ్చ ఉంటే అది ఆడ హైలియస్ కావచ్చు. అదే ప్రజాతి మగదానికి ముఖంలో చాలా భాగం పసుపు లేదా తెలుపుగా ఉంటుంది. ఇది పుప్పొడిని కాళ్లకు అంటించుకోకుండా మింగి తీసుకెళుతుంది కనుక కాళ్లు శుభ్రంగా కనిపిస్తాయి. మచ్చ ముఖం నడుమ ఉండి, ఒళ్లు నీలంగానో పచ్చగానో మెరిస్తే సెరటీనాను అనుమానించాలి.

చల్లని ఉదయపు వేళ అవి మందకొడిగా ఉంటాయి కనుక, అప్పుడు పైనుంచి, పక్కనుంచి, ముఖానికి ఎదురుగా మూడు ఫొటోలు తీసి పంపండి. రెక్క ఈనెలు కూడా స్పష్టంగా పడితే ఇంకా మేలు. లేసియోగ్లాసమ్‌లో ఎన్నో జాతులను నిపుణులు సైతం సూక్ష్మదర్శిని లేకుండా విడదీయలేరు కనుక, అలాంటి చోట ప్రజాతి పేరు రాసుకుని ఆగడమే సరైన పని.