కవరత్తిలో స్నేహితురాలి ఇంటికి వెళ్లే ముందు

చిరంజీవి అమ్మలుకు పెద్దమ్మ దీవించి రాయునది.

సెలవుల్లో నీ స్నేహితురాలి ఇంట్లో ఉండడానికి లక్షద్వీప్‌లోని కవరత్తికి వెళ్తున్నావని మీ అమ్మ చెప్పింది. మీ పెదనాన్నగారి ఉద్యోగం మూలంగా నేను ఆ దీవుల్లో కాపురం చేసినదాన్ని కనుక, అక్కడికి పర్యాటకురాలిగా వెళ్లడం వేరు, ఒక కుటుంబానికి అతిథిగా వెళ్లడం వేరు అని నీకు ముందే చెప్పాలనిపించింది. దీవిలో బియ్యపు గింజ మొదలుకొని గ్యాస్ సిలిండరు దాకా ఓడ మీద రావలసినదే. కాబట్టి నువ్వు ఎంత తేలికగా ఉంటే ఆ ఇంటివాళ్లకు అంత సుఖం.

మొదటి సంగతి పర్మిట్. లక్షద్వీప్ మన దేశంలోదే అయినా, 1967 నాటి నిబంధనల కారణంగా స్థానికులు కానివాళ్లు అనుమతి లేకుండా అక్కడ అడుగుపెట్టడానికి లేదు. స్నేహితుల ఇంటికి వెళ్లేవాళ్ల కోసం సాధారణంగా అక్కడి నివాసి ఒకరు పూచీగా నిలబడి దరఖాస్తు పెడతారు. నీ మీద కేసులేవీ లేవని మన పోలీసు స్టేషను నుంచి ధ్రువపత్రం కూడా అడుగుతారు. అంటే నువ్వు ఇంకా పెట్టె సర్దకముందే ఆ అమ్మాయి తండ్రో మేనమామో నీ తరఫున సంతకం చేసి ఉంటారన్నమాట. పర్మిట్‌లో లేని దీవికి సరదాగా వెళ్లి వద్దామనుకున్నా, గడువు దాటి ఒక్క రోజు ఉన్నా, సంజాయిషీ చెప్పుకోవలసింది వాళ్లే.

కవరత్తిలో విమానాశ్రయం లేదు. కొచ్చి నుంచి అగత్తి దాకా విమానంలో వెళ్లి, అక్కడి నుంచి పడవ పట్టుకోవచ్చు. లేదా కొచ్చిలోనే ఓడ ఎక్కవచ్చు. సుమారు 400 కిలోమీటర్ల దూరం కనుక ఓడలో ఒక రాత్రి గడుస్తుంది. నా మాట వింటే ఓడలోనే వెళ్లు, ఎందుకంటే ఆ దీవులు ఎంత దూరాన ఉన్నాయో విమానంలో తెలిసిరాదు. వాంతులు కాకుండా మాత్ర ముందే వేసుకుని, తక్కువ తిని పడుకో. జూన్ నుంచి సెప్టెంబరు దాకా వర్షాకాలంలో సముద్రం అల్లకల్లోలంగా ఉంటుంది కనుక ఆ నెలలు వద్దే వద్దు. మిగతా కాలంలోనైనా ఓడ వాయిదా పడవచ్చు. తిరిగి వచ్చిన మర్నాడే ఉద్యోగంలో చేరాలన్నట్టు లెక్క వేసుకోకు. రోజూ వాడే మందులు వారం రోజులకు సరిపడా అదనంగా పెట్టుకో. అక్కడ ఆసుపత్రి ఉన్నా, పెద్ద జబ్బు చేస్తే రోగిని హెలికాప్టరులో కొచ్చికి తరలించవలసిందే.

ఏం పట్టుకెళ్లాలని అడుగుతావేమో. అక్కడ సమృద్ధిగా దొరికేవి కొబ్బరి, ట్యూనా చేప. కూరగాయలూ పళ్లూ చాలావరకు కొచ్చి వైపు నుంచి వస్తాయి కనుక, నలిగిపోకుండా నాలుగు రోజులు నిలిచేవి ఒక సంచీడు తీసుకెళ్తే నీ ఖరీదైన బహుమతుల కంటే ఎక్కువ సంతోషిస్తారు. నువ్వు చేప ముట్టవని ముందుగానే తెలియజెయ్యి. దానితోపాటే, నీ కోసం ప్రత్యేకంగా ఏమీ తెప్పించవద్దని, అన్నమూ కొబ్బరీ ఉంటే సర్దుకుంటానని కూడా చెప్పు. లేకపోతే వాళ్లు మొహమాటపడి నీ ఒక్కదాని కోసం తిప్పలు పడతారు. జనావాసం ఉన్న దీవుల్లో మద్యం నిషిద్ధం కనుక ఆ ఊసే వద్దు. ప్లాస్టిక్ సంచులూ డబ్బాలూ నీతో వచ్చినవన్నీ నీతోనే తిరిగి తెచ్చుకో, చెత్త పారవేయడానికి అక్కడ చోటెక్కడిది?

అన్నిటికంటే ముఖ్యం నీళ్లు. పగడపు ఇసుకలోకి ఇంకిన వాననీరు, ఉప్పునీటి కంటే తేలిక కనుక, నేల కింద సముద్రపు నీటి మీద పలచని పొరగా తేలుతూ ఉంటుంది. బావుల్లోకి వచ్చేది ఆ నీరే. మోటారు పెట్టి ఎక్కువగా తోడితే అడుగున ఉన్న ఉప్పునీరు పైకి ఎగదన్ని బావి పాడవుతుంది; ఒకసారి అలా అయితే వానలు పడి కోలుకోవడానికి చాలా కాలం పడుతుంది. కవరత్తిలో 2005లో జాతీయ సముద్ర సాంకేతిక సంస్థ వాళ్లు రోజుకు లక్ష లీటర్ల మంచినీరు తీసే కేంద్రం పెట్టారు. గోరువెచ్చని పైనీటిని తక్కువ పీడనంలో ఆవిరి చేసి, లోతు నుంచి తెచ్చిన చల్లని నీటితో ఆ ఆవిరిని చల్లార్చి మంచినీరు చేస్తారు. ఆ నీరు తాగడానికి ఆదుకుంటుందే గాని, సముద్రస్నానం చేసి వచ్చిన ప్రతిసారీ తలారా పోసుకోవడానికి కాదు. రోజుకు ఒక్క స్నానం, ఒక్క బకెట్ అనుకో. బట్టలు ఎప్పుడు ఉతుక్కోవచ్చో అడిగి ఉతుక్కో.

ఇక ఇంటి సంగతి. అక్కడివాళ్లు దాదాపు అందరూ ముస్లింలు, అయినా వాళ్ల తరవాడు, అంటే ఉమ్మడి కుటుంబపు వంశం, తల్లి వైపు నుంచి వస్తుంది. పాత పద్ధతిలో ఆడపిల్ల పెళ్లయినా పుట్టింట్లోనే ఉంటుంది, భర్తే వస్తూపోతూ ఉంటాడు. అందువల్ల నువ్వు ముందుగా పలకరించవలసింది ఆ ఇంటి పెద్దావిడను, బహుశా నీ స్నేహితురాలి అమ్మమ్మను. తీసుకెళ్లినవి ఆవిడ చేతికే ఇవ్వు. ఆ పద్ధతిని వింతగా చూసి ప్రశ్నల మీద ప్రశ్నలు వెయ్యకు. నెమ్మదిగా కూర్చుంటే వాళ్లే చెబుతారు. వాళ్లు మాట్లాడే జెసెరి మలయాళానికి దగ్గరిదే కనుక నీకు వచ్చిన నాలుగు మలయాళం ముక్కలు పనికివస్తాయి. బట్టలు ఒళ్లంతా కప్పేవి వేసుకో. ఆడవాళ్ల ఫొటోలు అడగకుండా తియ్యకు.

సముద్రంలో దిగినప్పుడు పగడాల మీద కాలు పెట్టకు. 1998లో నీరు వేడెక్కి తెల్లబడిపోయిన పగడాలు ఆ దీవుల చుట్టూ ఎన్నో చనిపోయాయి. మిగిలినవి అలల దెబ్బను ఆపకపోతే ఆ నేల కోసుకుపోతుంది. ఒడ్డున పడి ఉన్న ఎండు పగడపు ముక్కను కూడా సంచిలో వేసుకోకు, వన్యప్రాణి రక్షణ చట్టం కింద అది నేరం. అందులోనూ పేరు చెడేది నీకు పూచీ ఇచ్చినవాళ్లకు.

పర్మిట్ చేతికి రావడానికి సమయం పడుతుంది. నీకు వీలైన తేదీలూ ధ్రువపత్రం నకలూ ఈ వారంలోనే ఆ అమ్మాయికి పంపించి, అనుమతి వచ్చాకే ఓడ టిక్కెట్టు సంగతి చూడు.

ఇట్లు,
నీ పెద్దమ్మ