థండర్‌బర్డ్‌లో ఒక రూల్‌కి ఇంకో రూల్ అడ్డుపడుతోందా? చెరిపేసే ముందు లాగ్ చూడండి

నమస్కారమండీ. మీది ట్యాక్స్ ప్రాక్టీసు ఆఫీసు, జీమెయిల్ ఖాతాను థండర్‌బర్డ్‌లో (కంప్యూటర్‌లో మెయిళ్లు చూసుకునే ప్రోగ్రాం) ఐమ్యాప్ పద్ధతిలో, అంటే మెయిళ్లు సర్వర్‌లోనే ఉండి అన్ని పరికరాల్లోనూ ఒకేలా కనబడే పద్ధతిలో వాడుతున్నారు. మెయిళ్లు వాటంతట అవే ఫోల్డర్లలోకి సర్దుకోవాలని రూల్స్ (ఫిల్టర్లు) రాసుకున్నారు. కానీ బ్యాంకు మెయిళ్లు కొన్ని ‘ఐటీ’ (ఇన్‌కమ్ ట్యాక్స్) ఫోల్డర్‌లోకి పోతున్నాయి, క్లయింట్ల మెయిళ్లు కొన్ని ‘ప్రకటనలు’ ఫోల్డర్‌లో తేలుతున్నాయి, మరికొన్ని ఏ రూలూ పట్టనట్టు ఇన్‌బాక్స్‌లోనే ఉండిపోతున్నాయి. రూల్స్ అన్నీ తీసేసి మొదటి నుంచి రాసుకోవాలా అని అడిగారు. వద్దండీ. అన్నీ తీసేస్తే తప్పు ఎక్కడుందో చూపించే ఆధారం కూడా పోతుంది. తర్వాత అలవాటు కొద్దీ మళ్లీ అవే రూల్స్ రాసుకుంటాం.

నేను విజయవాడలో ఇలాంటి ఆఫీసులోనే పనిచేస్తున్నాను, మెయిళ్ల వ్యవహారం అంతా నా చేతుల మీదే నడుస్తుంది. మన పనిలో ఇది చిన్న విషయం కాదు. ఆదాయపు పన్ను శాఖ 1961 చట్టంలోని 143(1)(ఎ) సెక్షన్ కింద, దాఖలు చేసిన రిటర్నులో సవరణ ప్రతిపాదిస్తూ మెయిల్ పంపితే జవాబు ఇవ్వడానికి 30 రోజులే గడువు. అది ఎవరూ తెరవని ఫోల్డర్‌లో పడి ఉంటే నష్టపోయేది మనల్ని నమ్ముకున్న క్లయింటు. అందుకే కాస్త వివరంగా రాస్తున్నాను.

థండర్‌బర్డ్ రూల్స్‌ని జాబితాలో ఉన్న వరసలోనే, పైనుంచి కిందికి నడుపుతుంది. ఏదైనా రూల్ మెయిల్‌ని వేరే ఫోల్డర్‌కి మార్చినా, డిలీట్ చేసినా ఇక అక్కడితో సరి, కింది రూల్స్ ఆ మెయిల్ జోలికి రావు. అంటే ఒకే మెయిల్‌కి రెండు మూవ్ రూల్స్ వర్తిస్తే పైన ఉన్నదాని మాటే చెల్లుతుంది. ట్యాగ్, స్టార్ లాంటి గుర్తులు పెట్టే రూల్స్ అలా కాదు. వాటి తర్వాత కూడా కిందివి నడుస్తూనే ఉంటాయి. అక్కడ ఆపాలనుకుంటే ‘స్టాప్ ఫిల్టర్ ఎగ్జిక్యూషన్’ అనే యాక్షన్‌ని మీరే చేర్చాలి.

ఇప్పుడు అసలు పని. టూల్స్ మెనూలో ‘మెసేజ్ ఫిల్టర్స్’ తెరవండి. పైన ఏ ఖాతా పేరుందో చూసుకోండి, ఒక్కో ఖాతాకి జాబితా వేరు. అదే కిటికీలో ‘ఫిల్టర్ లాగ్’ బటన్ ఉంటుంది. దాన్ని నొక్కి, లాగ్ ఎనేబుల్ చేసే టిక్ పెట్టి, ఒక రోజంతా మామూలుగా పని చేసుకోండి. ఏ సమయానికి ఏ రూల్ ఎవరి మెయిల్‌ని, ఏ సబ్జెక్టుతో ఉన్నదాన్ని, ఎక్కడికి మార్చిందో అందులో వరసగా రాసి ఉంటుంది. దారి తప్పిన మెయిల్ ఒక్కటి తీసుకుని దాని సబ్జెక్టు కోసం లాగ్‌లో వెతకండి. దొరికితే దోషి రూల్ పేరు పక్కనే ఉంటుంది. దొరక్కపోతే ఆ మెయిల్‌ని కదిలించింది మీ కంప్యూటర్‌లోని రూల్ కాదు. మా ఆఫీసులో ఎవరు ‘మెయిల్ మాయమైంది’ అని వచ్చినా నేను ముందు తేల్చుకునేది ఈ ఒక్క విషయమే. ఇది తెలియకుండా రూల్స్ వరస మార్చడం మొదలుపెడితే సాయంత్రానికి చిక్కు ఇంకా బిగుస్తుంది.

మీరు ఇచ్చిన రూల్స్ జాబితా చూస్తే రెండు చోట్ల తప్పు లాగ్ లేకుండానే కనబడుతోంది.

మొదటిది ఐటీ రూల్. సబ్జెక్టులో ‘కంటెయిన్స్’ అని పెట్టి ఇంగ్లిషులో ఐ, టి అనే రెండు అక్షరాలు రాశారు. ‘కంటెయిన్స్’ అంటే ఆ మాట విడిగా ఉండాలని కాదు, ఆ అక్షరాలు పక్కపక్కన ఎక్కడ కనబడినా చాలు అని. పెద్దక్షరాలా చిన్నక్షరాలా అని కూడా చూడదు. క్రెడిట్, డెబిట్, డిపాజిట్, లిమిట్, సెక్యూరిటీ. వీటి ఇంగ్లిషు స్పెల్లింగ్ ఒకసారి కాగితం మీద రాసి చూడండి, ప్రతిదాంట్లో ఆ జంట ఉంది. పైగా ఈ రూల్ మీ బ్యాంకు రూల్ కంటే పైన ఉంది. అందుకే ఖాతాలో డబ్బు పడిందన్న మెయిల్ కూడా నేరుగా ఐటీ ఫోల్డర్‌కి వెళ్తోంది. బ్యాంకు రూల్‌ని పైకి జరిపితే బ్యాంకు మెయిళ్లు సర్దుకుంటాయి గానీ రోగం తగ్గదు. మన వృత్తిలో రోజూ వచ్చే ‘ఆడిట్’ అనే మాటలో కూడా ఆ రెండక్షరాలే ఉన్నాయి కదా! సబ్జెక్టును వదిలేసి పంపినవారి చిరునామా మీద రూల్ రాయండి. శాఖ మెయిళ్లు చాలావరకు ఇన్‌కమ్‌ట్యాక్స్ డాట్ గవ్ డాట్ ఇన్ డొమైన్ (మెయిల్ చిరునామాలో @ తర్వాత ఉండే భాగం) నుంచే వస్తాయి, కాబట్టి ‘ఫ్రమ్’లో ఆ డొమైన్ పెట్టండి. ‘ఇన్‌కమ్ ట్యాక్స్ డిపార్ట్‌మెంట్’ అనే పేరు మాత్రం పెట్టకండి. మోసపు మెయిళ్లవాళ్లు పెట్టుకునేది సరిగ్గా ఆ పేరే.

రెండోది ప్రకటనల రూల్. ‘అన్‌సబ్‌స్క్రైబ్’ అన్న మాట ఉన్నవి ఏరేయాలి, క్లయింట్లవి మాత్రం వదిలేయాలి అన్నది మీ ఉద్దేశం. అందుకని ఫలానా క్లయింటు డొమైన్ ఉండకూడదు, ఇంకో క్లయింటు డొమైన్ ఉండకూడదు అని ‘డజంట్ కంటెయిన్’ షరతులు చేర్చారు. కానీ పైన ఎంపిక ‘మ్యాచ్ ఎనీ’ దగ్గర ఉంది, అంటే ఏ ఒక్క షరతు నిజమైనా చాలు. మొదటి క్లయింటు మెయిల్ వచ్చిందనుకోండి. అందులో రెండో క్లయింటు డొమైన్ ఉండదు, కాబట్టి ఆ షరతు నిజమైపోతుంది, మెయిల్ ప్రకటనల్లోకి పోతుంది. రెండో క్లయింటుకీ అంతే గతి. ఇలా రాసిన రూల్‌కి దొరకని మెయిల్ ఉండదు. ఇది మీ జాబితాలో చిట్టచివర ఉండబట్టి, పైన వేరే రూల్ పట్టుకున్న మెయిళ్లు బతికిపోతున్నాయి, అంతే. ‘ఉండకూడదు’ అనే షరతులు ఒకటికి మించి రాస్తే ‘మ్యాచ్ ఆల్’ పెట్టి తీరాలి.

ఇంతకంటే మంచి పద్ధతి ఒకటుంది. థండర్‌బర్డ్‌లో ‘క్లయింట్లు’ అని వేరే అడ్రస్ బుక్ చేసుకుని వాళ్ల చిరునామాలన్నీ అందులో వేయండి. ఫ్రమ్ చిరునామా ఆ అడ్రస్ బుక్‌లో ఉందా లేదా అన్నది రూల్‌లో షరతుగా పెట్టుకోవచ్చు. కొత్త క్లయింటు వస్తే అడ్రస్ బుక్‌లో చేర్చడమే, రూల్ ముట్టుకోవక్కర్లేదు. ఒకే రూల్‌లో ‘ఎనీ’నీ ‘ఆల్’నీ కలిపి రాయడం థండర్‌బర్డ్‌లో కుదరదు, ఆ ఇబ్బందికి కూడా ఇది మంచి మందు.

బ్యాంకు రూల్‌ని కూడా ఒకసారి తిరిగి చూడండి. బ్యాంకులన్నీ 2025 అక్టోబర్ 31 లోపు డాట్ బ్యాంక్ డాట్ ఇన్ డొమైన్‌కి మారాలని రిజర్వ్ బ్యాంకు ఆదేశించింది. మెయిల్ పంపే చిరునామా కూడా మారిన చోట మీ పాత ‘ఫ్రమ్’ షరతు పట్టదు, ఆ మెయిల్ జారి కింది రూల్‌కి చిక్కుతుంది. ఈమధ్య వచ్చిన బ్యాంకు మెయిల్ ఒకటి తెరిచి చిరునామా సరిచూసుకోండి.

ఇన్‌బాక్స్‌లో మిగిలిపోతున్నవాటి సంగతి వేరు. ఫోన్‌లో ముందే తెరిచి చదివేశారేమో గుర్తు చేసుకోండి. ఐమ్యాప్ ఖాతాలో థండర్‌బర్డ్ రూల్స్ వాటంతట అవి నడిచేది కొత్తగా వచ్చిన, ఇంకా చదవని మెయిళ్ల మీదే. పొద్దున్నే కాఫీ తాగుతూ ఫోన్‌లో చూసినవన్నీ ఆఫీసుకొచ్చేసరికి చదివినవి కింద లెక్క. వాటి మీద రూల్స్‌ని ‘రన్ నౌ’ నొక్కి చేత్తో నడపాలి.

ఇక లాగ్‌లో పేరు లేకుండా కదిలినవి. జీమెయిల్ సెట్టింగ్స్‌లో ‘ఫిల్టర్స్ అండ్ బ్లాక్డ్ అడ్రసెస్’ పేజీ చూడండి, ఎప్పుడో పెట్టి మరిచిపోయినవి ఉంటాయి. అక్కడ వరస అన్నదే లేదు, సరిపోలిన ఫిల్టర్లన్నీ వర్తిస్తాయి. ఒక మెయిల్‌కి రెండు లేబుళ్లు పడితే థండర్‌బర్డ్‌లో అది రెండు ఫోల్డర్లలో కనబడుతుంది. ఉన్నది ఒకే మెయిల్, డూప్లికేట్ అనుకుని ఒకటి డిలీట్ చేయకండి. జీమెయిల్ ట్రాష్‌లోకి వెళ్లింది 30 రోజులకు శాశ్వతంగా పోతుంది.

ఇదే ఖాతా ఆఫీసులో ఇంకో కంప్యూటర్‌లో కూడా ఉందా? థండర్‌బర్డ్ రూల్స్ ఆ కంప్యూటర్‌లోనే ఉంటాయి, సర్వర్‌లో ఉండవు. కాబట్టి రెండు యంత్రాల్లో రెండు రకాల రూల్స్ ఉంటే ఆ రోజు ఏది ముందు ఆన్ చేస్తే దాని ఇష్టప్రకారం మెయిళ్లు కదులుతాయి. ఒక రోజు బాగుండి ఇంకో రోజు చెడిపోయిందంటే నేను ముందు దీన్నే అనుమానిస్తాను.

నా సలహా అడిగితే, ఫోల్డర్లు మార్చే పని మొత్తం జీమెయిల్ ఫిల్టర్లకే అప్పగించండి. కంప్యూటర్ కట్టేసి ఉన్నా అవి నడుస్తాయి, ఫోన్‌లోనూ అదే అమరిక కనబడుతుంది. పన్ను శాఖ చిరునామాలకు ‘నెవర్ సెండ్ ఇట్ టు స్పామ్’ కూడా పెట్టొచ్చు. థండర్‌బర్డ్‌లో ట్యాగులు మాత్రం ఉంచుకోండి. మేము అలాగే చేస్తున్నాం. ‘ఈ మెయిల్ ఎవరు తీశారు’ అన్న టెన్షన్ మాకు పోయింది. ఏ ఫిల్టర్‌లోనూ డిలీట్ యాక్షన్ పెట్టకూడదన్నది మా ఆఫీసులో కచ్చితమైన నియమం.

ఔట్‌లుక్ వాడేవాళ్లు ఇది చదువుతుంటే, అక్కడ ‘స్టాప్ ప్రాసెసింగ్ మోర్ రూల్స్’ టిక్ లేకపోతే కింది రూల్స్ కూడా నడుస్తాయని గుర్తుంచుకోండి. సొంత డొమైన్ మెయిల్ సర్వర్లలో సీవ్ (సర్వర్‌లోనే నడిచే ఫిల్టర్లు రాసే భాష) రూల్స్ ఉంటే అక్కడా అంతే, ‘స్టాప్’ రాయకపోతే ఒకే మెయిల్ రెండు ఫోల్డర్లలో రెండు కాపీలుగా పడొచ్చు.

మార్పులు చేసే ముందు ఒక పని. ప్రొఫైల్ ఫోల్డర్‌లో (థండర్‌బర్డ్ తన సెట్టింగ్స్ దాచుకునే చోటు) ఆ ఖాతా కింద ‘ఎంఎస్‌జీఫిల్టర్‌రూల్స్’ అనే ఫైల్ ఉంటుంది, దాని ఎక్స్‌టెన్షన్ డి, ఎ, టి అక్షరాలు. దాన్ని వేరే చోట కాపీ చేసి పెట్టుకోండి. సరిచేసిన ప్రతి రూల్‌లో కొన్నాళ్లు ‘మూవ్’ బదులు ట్యాగ్ యాక్షన్ పెట్టి చూడండి. తప్పు మెయిల్‌కి ట్యాగ్ పడినా అది ఇన్‌బాక్స్‌లో మీ కళ్ల ముందే ఉంటుంది. నమ్మకం కుదిరాక మూవ్‌కి మార్చండి. ఐటీ, ప్రకటనలు ఫోల్డర్లలో ఇప్పటికే పడి ఉన్నవాటిని మాత్రం ఈరోజే ఒకసారి చేత్తో వెతకండి, గడువున్న నోటీసు ఏదైనా ఉండొచ్చు.

ఆ తర్వాత కూడా కుదరకపోతే లాగ్‌లో ఆ మెయిల్‌కి సంబంధించిన వరసలు, రూల్స్ జాబితా ఇక్కడ పెట్టండి, క్లయింట్ల పేర్లు, చిరునామాలు కొట్టేసి. చూసి చెబుతాను.