వాతం మందులకు లొంగనప్పుడు

చిరంజీవి మాధవికి ఆశీస్సులు.

నీ రోగి వివరాలు చదివాను. నడివయసు మగమనిషికి ఏళ్ల తరబడి మణికట్లు, మోకాళ్లు వాచి నొప్పులు వచ్చి పోతుండడం, కీళ్లవాతాన్ని పట్టే రక్తపరీక్షలు రుమటాయిడ్ ఫ్యాక్టర్, యాంటీ సీసీపీ నెగటివ్ రావడం, ఒంట్లో వాపును సూచించే సీఆర్‌పీ దిగకపోవడం, వాతానికి ఇచ్చే మెథోట్రెక్సేట్ వాడినా గుణం కనిపించకపోవడం ఒకచోట చేరినప్పుడు, రోగనిరోధక శక్తిని అణిచే టీఎన్‌ఎఫ్ నిరోధకం మొదలుపెట్టే ముందు విపుల్ వ్యాధిని తప్పక తలుచుకోవాలి. ట్రోఫెరిమా విపులై అనే బ్యాక్టీరియా వల్ల వచ్చే ఈ జబ్బు చాలా అరుదు. అయినా, వాతమేనని రోగనిరోధక శక్తిని అణచివేస్తే ఆ క్రిమికి మనమే దారి ఇచ్చినట్టవుతుంది.

విరేచనాలు లేవు కదా అని ఈ అనుమానాన్ని కొట్టిపారేయకు. కీళ్ల నొప్పులు మొదలైన ఎన్నో ఏళ్లకు గానీ పేగు లక్షణాలు బయటపడకపోవచ్చు. బరువు తగ్గిందా, జ్ఞాపకశక్తి మందగించిందా అని ఇంటివాళ్లను కూడా అడుగు.

చిన్నపేగు మొదటి భాగంలో జబ్బు అక్కడక్కడే ఉండవచ్చు కనుక ఎండోస్కోపీలో అయిదారు చోట్ల నుంచి ముక్కలు తీయించు. నీ అనుమానాన్ని పాథాలజిస్టుకు స్పష్టంగా రాసి, పీఏఎస్ స్టెయిన్ (ముక్కకు రంగు వేసి చూసే పరీక్ష) అడుగు. పేగు పొరలో నురగలాంటి మాక్రోఫేజ్‌ల (క్రిములను మింగే కణాల) నిండా ముదురు గులాబీ రేణువులు కనిపిస్తే అనుమానం బలపడుతుంది గానీ, క్షయ క్రిమి వర్గానికి చెందిన ఏవియం జాతి మైకోబ్యాక్టీరియా కూడా అలాగే కనిపించగలదు కాబట్టి, ఆ వర్గాన్ని పట్టే జీల్ నీల్సన్ స్టెయిన్‌తో దాన్ని తోసిపుచ్చాలి. లాలాజలంలో, మలంలో ఈ బ్యాక్టీరియా ఆరోగ్యవంతులకూ ఉండవచ్చు. అక్కడి పీసీఆర్ (క్రిమి జన్యుపదార్థాన్ని వెతికే పరీక్ష) పాజిటివ్‌ను మాత్రమే నమ్మి చికిత్సకు దిగకు. నాడీ లక్షణాలు లేకపోయినా, చికిత్సకు ముందే వెన్ను నీటికి పీసీఆర్ చేయించు.

రుజువైతే సెఫ్ట్రియాక్సోన్ రోజుకు 2 గ్రాముల చొప్పున 14 రోజులు నరానికి ఇచ్చి, ఆపైన కోట్రైమోక్సజోల్ డబుల్ స్ట్రెంత్ మాత్ర రెండు పూటలా ఏడాది పాటు వాడడం ఎప్పటినుంచో ఉన్న పద్ధతి. డాక్సీసైక్లిన్‌తో హైడ్రాక్సీక్లోరోక్విన్ కలిపి ఏడాది ఇవ్వడం మరో మార్గం. మాక్రోఫేజ్ లోపలి ఆమ్లతలో తలదాచుకునే ఈ క్రిమి మీద, ఆ ఆమ్లతను హైడ్రాక్సీక్లోరోక్విన్ తగ్గించినప్పుడే డాక్సీసైక్లిన్ గట్టిగా పనిచేస్తుంది. కొద్ది వారాల్లోనే నొప్పులు తగ్గి రోగి మందులు మానేస్తానంటాడు. ఎంతమాత్రం ఒప్పుకోకు.

అన్నిటికంటే జాగ్రత్తగా ఉండాల్సింది ఇక్కడే. ఇదివరకు రోగనిరోధక శక్తిని అణిచే మందులు వాడినవాళ్లలో, చికిత్సకు బాగా స్పందించాక కూడా జ్వరం, కీళ్ల వాపు తిరగబెట్టవచ్చు. అది యాంటీబయాటిక్ విఫలమవడం కాక, కోలుకుంటున్న రోగనిరోధక వ్యవస్థ ప్రతిచర్య కావచ్చు. పీసీఆర్ మళ్లీ చేయించి, క్రిమి లేదని తేలితే స్టెరాయిడ్ ఆలోచించు. పీఏఎస్ రేణువులు మాత్రం నయమైన తర్వాత కూడా ఏళ్ల తరబడి కనిపిస్తాయి, వాటిని చూసి కంగారుపడకు.

బయాప్సీ ఫలితం రాగానే రాయి.